రెడ్డెప్పన్న వెళ్లి తిన్న హోటళ్లు

టమోటా చెట్ల మధ్య ఒక గంట తిరిగితే చేతులకు పచ్చటి పసరు అంటుకుంటుంది. ఆరేకొద్దీ అది నల్లబడుతుంది. సబ్బుతో రుద్దితే రంగు పోతుంది గాని వాసన పోదు. ఈ ఉదయం పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక తోటలో కోత చూసి మదనపల్లెకు తిరిగొచ్చాను. రెండుసార్లు చేతులు కడుక్కుని రాయడానికి కూర్చున్నాను. కలం పట్టుకున్న వేళ్ల నుంచి ఆ వాసనే వస్తోంది. రాయవలసింది మాత్రం తోటల గురించి కాదు. పుంగనూరులో నాతోపాటు బడిలో పాఠాలు చెప్పిన స్నేహితురాలు ఇప్పుడు ఒక చిన్న మాసపత్రిక నడుపుతోంది. బెంగళూరులో వెళ్లి తినదగిన పెద్ద హోటళ్ల గురించి రాయమని అడిగింది. మన వైపు వాళ్లలో వాటి సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆమె నమ్మకం.

అది కొంతవరకు నిజమే. తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ఒక్కో వంటకాన్నీ ఒక్కో పళ్లెంలో తెచ్చి దాని వివరం చెప్పే మనుషులు ఉండే హోటళ్లలో ముప్పయికి పైగా చోట్ల నేను భోజనం చేశాను. కాని మొదటి పదేళ్లలో ఒక్కదానికీ ఒంటరిగా వెళ్లలేదు. నన్ను తీసుకువెళ్లిన మనిషి పోయి ఏడాది దాటింది. ఆయన్ని పక్కన పెట్టి ఆ హోటళ్ల గురించి రాస్తే సగమే రాసినట్టవుతుంది. హోటళ్ల పేర్లు కూడా రాయను. వాటిలో చాలావాటికి ఇప్పటికీ నేను కాయలు పంపుతున్నాను, ఒకరిని పొగిడితే ఇంకొకరికి కష్టంగా ఉంటుంది.

రెడ్డెప్పకు మదనపల్లె టమోటా మార్కెట్లో, రైతుల కాయలు వేలానికి పెట్టే మండీ ఉండేది. పొట్టి మనిషి, పెద్దగా చదువుకోలేదు. వేలంపాటకు వచ్చే కాయలతో పాటు ఆయన మరో చిన్న వ్యాపారం చేసేవాడు. కొందరు రైతుల చేత నాటు టమోటా పండించి, చెట్టు మీదే పండనిచ్చి, ఏరి, బెంగళూరు పెద్ద హోటళ్లకు పంపేవాడు. ఆ హోటళ్లతో ఇంగ్లీషులో మాట్లాడడానికి ఆయనకు ఒక మనిషి కావలసి వచ్చింది. నేను పనిచేసే బడి మూతపడి ఆరు నెలలయింది. ఎవరో చెబితే వెళ్లాను.

"సార్, నేను ఇంగ్లీషు ఎం.ఏ. చేశాను" అన్నాను.

"సార్ అనేది ఇస్కూల్లో. ఈడ అన్నా అను" అని తన ఫోనులో ఒక హోటల్ మెనూ చూపించాడు. "దీంట్లో టమోటా ఎన్ని తావుల ఉండాదో సెప్పమ్మా."

శ్రద్ధగా చదివాను. నాలుగు చోట్ల ఉందన్నాను.

"అయిదు. మూడో వరసలో సేప ఉండాదే, దాని కింద పూసిన ఎర్ర సట్నీలో గూడా ఉండాది. వాళ్లు రాయలా."

"రాయకపోతే మీకెలా తెలుసన్నా?"

"తిన్న్యాను గాబట్టి తెలుసు. నువ్వు సదివినావు, నేను తిన్న్యాను. ఇద్దరం పోతే సరిపోతాది."

ఉద్యోగం ఇచ్చినట్టు నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆయన పద్ధతి కూడా ఆ మాటల్లోనే ఉందని తర్వాత తెలిసింది. ఒక హోటల్ కొత్తగా మా కాయలు కొనడం మొదలుపెడితే, నెల తిరిగేలోపు ఆయన అక్కడికి వెళ్లి, అందరిలాగే బల్ల దగ్గర కూర్చుని, తన కాయ ఏమయిందో తిని చూసేవాడు. కాయలు పంపినవాడినని ముందుగా చెప్పేవాడు కాదు. మార్కెట్లో దీన్ని చూసి నవ్వేవాళ్లు. "రెడ్డెప్ప కూతుర్ని అత్తగారింట్లో సూసొచ్చినట్ల కాయను సూసొస్తాడు" అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. వెళ్లడం మాత్రం మానలేదు.

ఆయనతో నేను మొదట వెళ్లింది ఒక పాత బంగళాలోని హోటల్. ఎత్తయిన కప్పు, చెక్క నేల, మాటలు గొణుగుడుగా తప్ప వినపడని గది. తెల్లవారుజామున తోట చూసి నేరుగా వచ్చాం. నా చెప్పుల అంచులకు ఎర్రమట్టి ఉంది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. పుస్తకాల్లో అటువంటి గదులు ఎన్నో చూశాను. లోపలికి అడుగు పెట్టడానికి ఆ చదువేదీ పనికి రాలేదు.

"ఏమ్మా, నిలబడిపోయినావు?"

"చెప్పులకు మన్ను ఉందన్నా. సిగ్గుగా ఉంది."

ఆయన నా చెప్పుల వైపు కాక, హోటల్ వెనకవైపు సరుకు దింపే తలుపు వైపు చూశాడు. "మన కాయ గూడా ఆ మన్నులో నుంచే వచ్చినాది. లోపలికి పొయ్యేదానికి అది సిగ్గు పడిందా? మనం యాల పడాల?" అని ముందు నడిచాడు.

కూర్చున్నాక నేను మెనూ చదివి చెప్పాను. వడ్డించే కుర్రవాడిని ఆయన మొదట అడిగింది వంట గురించి కాదు. "మీది ఏ ఊరప్పా?" అన్నాడు. నేను ఇంగ్లీషులో అడిగాను. అస్సాంలో ఏదో ఊరు చెప్పి, రైల్లో మూడు రోజులు పడుతుందన్నాడు. రెడ్డెప్పన్న చాలా ఆశ్చర్యపోయాడు. "అయితే మా కాయ కంటే నువ్వే దూరం నుంచి వచ్చినావు. నువ్వు నలగలేదు గదా?" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చడానికి తంటాలు పడ్డాను. కుర్రవాడు మాత్రం నేను పూర్తి చేయకముందే నవ్వేశాడు.

మరో హోటల్ చాలా ఎత్తయిన అద్దాల మేడలో ఉండేది. అక్కడ గాజు గిన్నెలో నీళ్లలాంటి ద్రవం తెచ్చి పెట్టారు. టమోటాలను నలిపి, బట్టలో కట్టి వేలాడదీస్తే రాత్రంతా ఒక్కొక్క చుక్కగా దిగిన నీరట. రంగు లేదు. నోట్లో పోసుకుంటే మాత్రం ఎండలో చెట్టు నుంచి కోసిన పండు రుచి. ఆయన కళ్లు మూసుకుని తాగాడు. "నలభై ఏండ్లు కాయను సూసినాను. ఇది తాగతాంటే కాయను యాడ సూసినాను అనిపిస్తాండాది" అన్నాడు. తన పని గురించి ఆయన అంత వినయంగా మాట్లాడడం అప్పుడే విన్నాను.

ప్రతిచోటా భోజనం చివర ఆయన ఒకటే అడిగేవాడు. "వంటాయన్ని రవ్వంత పిలుస్తారా?" కొన్నిచోట్ల వంట చేసినవాళ్లు చేతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు. కొన్నిచోట్ల కోటు వేసుకున్న మేనేజరు చిరునవ్వుతో వచ్చేవాడు. మేనేజరు వచ్చిన చోటుకు నెమ్మదిగా కాయలు పంపడం మానేసేవాడు. "తిన్నోడి ముందరికి రాలేనోడికి కాయ ఇచ్చి ఏం లాభం?" అనేవాడు. వెళ్లదగిన హోటల్ ఏదో తేల్చడానికి ఆయనకున్న కొలత అదొక్కటే. గోడల మీది బొమ్మలు, బల్ల మీది పూలు ఆయన గమనించినట్టే ఉండేది కాదు.

అలా పిలవగానే వచ్చినవాళ్లలో మునిరాజు ఒకడు. కుప్పం మనిషి. చిన్న వయసులో రోజూ రైల్లో బెంగళూరు వెళ్లి ఒక హోటల్ వంటగదిలో పని నేర్చుకుని, నగరంలో అందరూ చెప్పుకునే ఒక హోటల్‌కు పెద్ద వంటవాడయ్యాడు. మొదటిరోజు మా మాట విని, "అన్నా, మీది మదనపల్లె పక్కనా? మాది కుప్పం!" అని పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్కడ వంటవాళ్లు అతిథుల పక్కన కూర్చోకూడదట. ఆ సంగతి మేనేజరు మొహం చూసి తెలుసుకున్నాం. ఆ హోటల్ ఒక్కటే మా నాటు కాయల్లో సగం కొనేది. దాన్ని నమ్ముకుని పెద్దతిప్పసముద్రం వైపు ఎనిమిది కుటుంబాలు హైబ్రిడ్ మానేసి నాటు టమోటా వేశాయి. వాళ్లలో గంగులమ్మ తనకున్న ఒక్క ఎకరమూ వేసింది. "నువ్వు సెప్పినావని ఏసినానప్పా" అని ఆమె రెడ్డెప్పన్నతో అనడం నేను విన్నాను. ఆయన తల ఊపాడు, అంతే. కాని ఆ మాటను ఆయన ఎప్పుడూ మోస్తూ ఉన్నట్టు నాకు తెలుసు.

ఆ ఏడాది వానలు ముందుగా పట్టుకున్నాయి. పండిన కాయ మెత్తబడి, దారిలో నలిగి, బాక్సు అడుగున రసం కారేది. అదే సమయంలో రెడ్డెప్పన్న కంటిపొర ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండు వారాలు తోటలవైపు రావద్దని డాక్టరు చెప్పాడు. పని నా చేతికి వచ్చింది. కాయలు నలగకూడదని నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. పూర్తిగా పండేదాకా ఆగకుండా, రెండు రోజులు ముందే, దోరగా ఉన్నప్పుడే కోయమన్నాను. హోటల్ చేరేసరికి రంగు తిరిగేది. ఒక్క కాయా నలగలేదు. నా తెలివికి నేను సంతోషించాను. రెడ్డెప్పన్నకు చెప్పలేదు. ఆయన లేచి తిరిగేనాటికి మంచి ఫలితం చూపించాలనుకున్నాను.

కళ్లకు నల్లద్దాలతోనే ఆయన మునిరాజు హోటల్‌కు బయలుదేరాడు. మధ్యాహ్నం, గది నిండుగా ఉంది. మొదట చల్లటి టమోటా సూపు వచ్చింది, పైన నాలుగు చుక్కల ఆకుపచ్చ నూనెతో. ఆయన ఒక చెంచా తీసుకుని ఆగాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు.

"ఇది మన కాయ కాదు" అన్నాడు.

నేనూ రుచి చూశాను. పులుపు ఉంది. దాని వెనక ఏమీ లేదు.

మునిరాజు పిలవగానే వచ్చాడు. "ఏమన్నా, కన్ను బాగుండాదా?"

"కంటికేమి. నా కాయ యాడప్పా? దీంట్లో వేరే కాయ ఏసినావు."

"లేదన్నా, నీ కాయే" అని మునిరాజు లోపలికి చెప్పి ఒక బాక్సు తెప్పించాడు. తెల్లగుడ్డ బల్ల పక్కన, పక్కవాళ్లు తలలు తిప్పి చూస్తుండగా, ఒక కుర్రవాడు మా నీలి రంగు గుర్తున్న బాక్సు పట్టుకుని నిలబడ్డాడు. రెడ్డెప్పన్న ఒక కాయ తీసి రెండు బొటనవేళ్లతో విరిచాడు. పైన ఎరుపు. లోపల నడుమంతా తెల్లగా, గట్టిగా ఉంది.

"బాక్సు నాదే. కాయ నాది కాదు. కాళీ బాక్సులో ఎవరైనా ఏమైనా పోస్తారు." ఆయన గొంతు పెరిగింది. "నలభై ఏండ్లుగా కాయ సూస్తాండాను. నన్ను మోసం చేస్తావా? రేపట్నించి నీకు కాయ రాదు పో."

మునిరాజు మొహం పాలిపోయింది. అందరి ముందూ దొంగ అనిపించుకున్న మనిషి కోప్పడతాడనుకున్నాను. అతను నెమ్మదిగా అన్నాడు. "అన్నా, పది దినాలుగా నాకూ రుచి తెలియకుండా పోయింది. నా చెయ్యే సరిగ్గా లేదనుకున్నాను. ఉప్పు మార్చినాను, నూనె మార్చినాను. బాక్సు మింద నీ గుర్తు సూసి కాయను అనుమానించలా."

చెప్పవలసిన మాట నా దగ్గర ఉంది. చెప్పకుండా ఉండడం కూడా సులువే. రెడ్డెప్పన్న వేరే హోటల్ వెతుక్కుంటాడు. మునిరాజు వేరే కాయ వెతుక్కుంటాడు. నడుమ గంగులమ్మ ఎకరం మిగులుతుంది. ఆమె కాయలకు వేలంపాటలో హైబ్రిడ్ పక్కన చోటుండదు. ఇదంతా ఆలోచించానని ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు నాకు కనిపించింది మునిరాజు చేతులే. అతను వాటిని కోటుకు తుడుచుకుంటూనే ఉన్నాడు, వాటిమీద ఏమీ లేకపోయినా.

"అన్నా, అవి మన కాయలే" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ చెప్పాను. "మన కాయలే. నలగకూడదని రెండు రోజులు ముందుగా కోయించాను. మీకు చెప్పలేదు. ఆయన తప్పేమీ లేదు."

రెడ్డెప్పన్న నల్లద్దాలు తీసి నావైపు చూశాడు. తర్వాత లేచి, మునిరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పు మాదప్పా. నోరు జారినాను. అందరి ముందర అన్న్యాను, అందరి ముందరే సెప్తాండాను. తప్పు మాది."

"అయ్యో, పెద్దోనివి, వదిలేయన్నా. కూర్చో. వేరే సూపు చేసిస్తాను."

"దేంతో చేస్తావు? ఆ కాయే గదా ఉండేది!"

ముందుగా నవ్వింది బాక్సు పట్టుకున్న కుర్రవాడు. అతనికి తెలుగు వచ్చని మాకు అప్పుడే తెలిసింది. రెడ్డెప్పన్న కూర్చుని తన గిన్నె ఖాళీ చేశాడు. నేను వదిలేసిన గిన్నె కూడా దగ్గరికి లాక్కుని, చివరి చెంచాదాకా తాగాడు. "మనం పంపినాం. మనం తినాల" అన్నాడు.

తిరుగు దారిలో చింతామణి దాటాం. నేనే అడిగాను. "అన్నా, రేపటి నుంచి నేను రావద్దా?"

"యాల?"

"తప్పు చేశాను కదా."

"చేసినావు. సెప్పినావు గూడా. నువ్వు నోరు మూసుకొనుంటే ఆ పిల్లోడు నా కంటికి ఎప్పటికీ దొంగగానే ఉండేవాడు. ఆపరేషన్ చేసిన కంటికి గూడా!" నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "నాకు బాధ దానికి కాదమ్మా. నా గుర్తు సూసి, పది దినాలు వాడు తన చేతినే అనుమానించినాడే, దానికి. అంత మంచి వంటోడు. గుర్తు ఉండేది నమ్మేదానికి, నోరు మూసేదానికి కాదు గదా. రేపు అన్ని హోటళ్లకూ ఫోన్ చేయి. మా కాయ బాగలేకుంటే మా మొగం మీద సెప్పండి అని సెప్పు."

చేశాను. పదిహేడు మంది వంటవాళ్లతో మాట్లాడాను. అందరూ మొదట బాగున్నాయనే అన్నారు. మళ్లీ అడిగితే ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. నలిగే సంగతికి దారి చెప్పింది గంగులమ్మ. "బాక్సు నిండా యాల పోసేది? గడ్డి పరిసి ఒక్క వరస పేర్చు. గుడ్లు పంపినట్ల పంపు" అంది. ఒక్కో బాక్సులో కాయలు తగ్గిపోయాయి, మాకు పని పెరిగింది, కాని చెట్టు మీద పండిన కాయ నలగకుండా చేరింది. ఆ ఎనిమిది కుటుంబాలూ ఇప్పటికీ నాటు టమోటానే వేస్తున్నాయి. ఇప్పుడు వాళ్లతో ఇంకో ఆరు కుటుంబాలు చేరాయి.

ఆ తర్వాత రెడ్డెప్పన్న ఆరేళ్లు బతికాడు. చివరి నాలుగు నెలలు ఏదీ రుచించేది కాదు. మునిరాజు ఒకసారి రైల్లో కుప్పం వచ్చి, అక్కడి నుంచి బస్సుల్లో పుంగనూరు మీదుగా మదనపల్లె చేరి, ఆయన ఇంటి వంటగదిలో నిలబడి చారు కాచాడు. రెడ్డెప్పన్న రెండు గుటకలు తాగి, "ఉప్పు తక్కువ" అన్నాడు. మునిరాజు సంతోషంగా వెళ్లి ఉప్పు తెచ్చాడు. ఆయన పోయినరోజు మార్కెట్లో వేలంపాట ఒక గంట ఆలస్యంగా మొదలయింది. అంతకంటే ఎక్కువ ఆయనకు నచ్చేది కాదు. కాయ ఆగదు కదా.

ఇప్పుడు ఆ పని నాది. కిందటి వారం బెంగళూరులో కొత్తగా తెరిచిన ఒక హోటల్ నుంచి అక్కడి వంట చూసే అమ్మాయి ఫోను చేసింది. కాయల్లో రుచి తక్కువగా ఉందని, తన పొరపాటేమోనని, చాలా మొహమాటంగా చెప్పింది. మర్నాడే వెళ్లి తిన్నాను. ఆమె చెప్పింది నిజమే. వంటగదిలోకి వెళ్లి చూస్తే, మా బాక్సులన్నీ చల్లటి గదిలో ఉన్నాయి. టమోటాను చలిలో పెడితే రుచి చచ్చిపోతుంది. ఈసారి తప్పు మాది కాదు. ఆ మాట చెప్పడం కూడా తేలిక కాదని అప్పుడు తెలిసింది. తప్పు నాది అని చెప్పడానికి ఒకప్పుడు ఎంతసేపు పట్టిందో, నీది అని ఎదుటి మనిషి చిన్నబుచ్చుకోకుండా చెప్పడానికీ అంతసేపే పట్టింది. చెప్పాను. ఆమె మొహం ముడుచుకోలేదు. బాక్సులు తానే మోసి బయట పెట్టింది. నాలుగు రోజులు ఆగి మళ్లీ రమ్మంది.

కాబట్టి నా స్నేహితురాలికి ఇవ్వగల జాబితా ఇంతే. పిలిస్తే వంట చేసినవాళ్లు బయటికి వచ్చే హోటల్‌కు వెళ్లండి. బాగలేదని చెబితే వినే చోటికి వెళ్లండి. బెంగళూరులో అటువంటివి తక్కువేమీ కాదు, వెతికితే ఏటేటా పెరుగుతున్నాయి కూడా. మన ఊళ్ల మన్ను అంటిన చెప్పులతోనైనా వెళ్లవచ్చు.

మొన్న ఆ కొత్త హోటల్‌కు ఫోను చేసి, గురువారం మధ్యాహ్నానికి ఒక బల్ల ఉంచమన్నాను. ఎంతమందికి అని అడిగారు. ఇద్దరికి అన్నాను. ఇన్నేళ్లుగా కాయ పండిస్తున్నా గంగులమ్మ ఒక్కసారి కూడా ఇటువంటి చోట తినలేదు. మాకెవరికీ ఆమెను పిలవాలని తోచలేదు, రెడ్డెప్పన్నకు కూడా. ఈ ఉదయం తోటలో అడిగితే ఆమె కోత ఆపకుండానే అంది.

"వస్తాను గాని, నాకు నచ్చకుంటే నచ్చలేదనే సెప్తాను. మళ్ల నువ్వు నన్ను కొంగు పట్టి గుంజకూడదు."

"అందుకే రమ్మంటున్నాను" అన్నాను.